టేపు మీద మిగిలిన సూచిక

పబ్‌మెడ్, డయలాగ్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి ఆన్‌లైన్ డేటాబేసులు పరిశోధకుల వెతుకులాట కోసమే పుట్టాయని అనుకోవడం సహజం. అయితే వాటిలో ఎక్కువ మంది వాడే వైద్యశాస్త్ర డేటాబేసు చరిత్రను తిరగేస్తే, కంప్యూటరును అక్కడికి మొదట తెచ్చింది ప్రధానంగా వెతకడానికి కాదనీ, ఒక పుస్తకాన్ని త్వరగా అచ్చు వేయడానికనీ తేలుతుంది. అచ్చుపని ముగిశాక చేతిలో మిగిలిన అయస్కాంత టేపులే తర్వాతి శోధన సేవకు పెట్టుబడి అయ్యాయి. ఏ సంవత్సరం నుంచి వ్యాసాలు దొరుకుతాయి, రచయిత పేరు ఏ రూపంలో నమోదవుతుంది, ఏ మాట వాడితే ఏ వ్యాసం బయటపడుతుంది అన్న విషయాల్లో ఆ పుట్టుక గుర్తులు అరవై ఏళ్లు గడిచినా పూర్తిగా చెరిగిపోలేదు.

ఆ పుస్తకం పేరు ఇండెక్స్ మెడికస్. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లో అక్కడి సైనిక వైద్యశాఖాధిపతి కార్యాలయ గ్రంథాలయం జాన్ షా బిల్లింగ్స్ అనే యువ సైనిక వైద్యుడి చేతికి వచ్చింది. యుద్ధకాలపు ఆసుపత్రుల ఖాతాల్లో మిగిలిపోయిన సొమ్ము ఆ గ్రంథాలయానికి దక్కింది. కొద్దికాలానికే దాన్ని వాషింగ్టన్‌లో అబ్రహాం లింకన్ హత్య జరిగిన ఫోర్డ్ థియేటర్ భవనంలోకి మార్చారు. పుస్తకాలు కూడబెట్టడంతో బిల్లింగ్స్ తృప్తి పడలేదు. వైద్యుడికి కావలసింది పుస్తకాల పేర్ల పట్టీ కాదనీ, ఫలానా జబ్బు గురించి ఎవరు ఏ పత్రికలో ఏం రాశారన్న సమాచారమనీ గ్రహించి, పత్రికల్లోని వ్యాసాలను సైతం విషయాల వారీగా జాబితాకెక్కించే పనికి పూనుకున్నాడు. వచ్చిన ప్రతి పత్రికలోనూ చేర్చదగిన వ్యాసాలకు ఆయన పెన్సిలుతో గుర్తు పెడితే, గుమాస్తాలు వాటిని కార్డుల మీదికి ఎక్కించేవారు. 1876లో ఒక నమూనా సంచిక వేసి వైద్యుల అభిప్రాయాలు సేకరించిన మీదట, 1880లో ఇండెక్స్-కాటలాగ్ పేరుతో మొదటి సంపుటం వెలువడింది. మొదటి వరుసలోని పదహారు సంపుటాలు పూర్తి కావడానికి 1895 దాకా పట్టింది. విషయాలు అకారాది క్రమంలో ఉండటం వల్ల ఆంగ్ల వర్ణమాలలో మొదటి అక్షరంతో ఆరంభమయ్యే జబ్బుల వాళ్లకు 1880లోనే సూచిక దొరికింది. చివరి అక్షరాల జబ్బుల వాళ్లు పదిహేనేళ్లు ఆగవలసి వచ్చింది. ఈలోగా వచ్చే కొత్త వ్యాసాల కోసం బిల్లింగ్స్, ఆయన సహచరుడు రాబర్ట్ ఫ్లెచర్ కలిసి 1879లో మొదలుపెట్టిన నెలసరి జాబితాయే ఇండెక్స్ మెడికస్.

సూచిక అందరికీ కావాలి, డబ్బు పెట్టి కొనేవాళ్లు మాత్రం తక్కువ అన్న చిక్కు ఈ వృత్తిని పుట్టినప్పటి నుంచీ వెన్నాడుతోంది. చందాదారులు చాలక ఇండెక్స్ మెడికస్ 1899లో ఆగిపోయింది. ఆ ఖాళీలో పారిస్ నుంచి బిబ్లియోగ్రాఫియా మెడికా అనే జాబితా కొన్నాళ్లు వచ్చింది. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ ఖర్చు భరించడానికి ఒప్పుకున్నాక 1903లో పాత పత్రిక మళ్లీ లేచి నిలబడింది. 1927లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సొంత సూచికతో కలిసిపోయింది. జనాభా లెక్కల కాగితాలను యంత్రం చేత లెక్కింపజేయవచ్చన్న ఆలోచనను హెర్మన్ హోలరిత్‌కు అందించింది ఈ బిల్లింగ్సే. ఆ ఆలోచన నుంచి రంధ్రాల కార్డుల యంత్రాలు పుట్టాయి గానీ, ఆయన సొంత సూచిక మాత్రం ఆయన బతికున్నంత కాలం చేతిరాత కార్డుల మీదే నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశోధన పత్రికలు ముంచెత్తాయి. సైన్యం చేతిలోని గ్రంథాలయం 1956లో చట్టం ద్వారా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌గా మారింది. దాని సంచాలకుడు ఫ్రాంక్ బ్రాడ్‌వే రోజర్స్ అచ్చుకూర్పు జాప్యం మీదే దృష్టి పెట్టాడు. టైపు చేసిన కార్డులను వరుసగా ఫోటోలు తీసి పేజీలుగా మార్చే కెమెరాలు తెప్పించాడు. 1960లో ఇండెక్స్ మెడికస్ పేరుతోనే కొత్త శ్రేణి మొదలైంది. దానితోపాటే మెష్ అనే విషయశీర్షికల పట్టిక వచ్చింది. ఒకే జబ్బును ఒక్కొక్క రచయిత ఒక్కొక్క పేరుతో పిలుస్తాడు కాబట్టి, ముందే నిర్ణయించిన ఒకే పేరు కింద ఆ వ్యాసాలన్నిటినీ చేర్చడం ఈ పట్టిక ఉద్దేశం. క్యాన్సర్‌కు అందులో నియోప్లాజమ్స్ అని పేరు. గుండెపోటుకు మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్. మొదటి కూర్పులో సుమారు 4,400 శీర్షికలు ఉండేవి. గ్రంథాలయ శాస్త్రంలో నియంత్రిత పదజాలం అని పిలిచే ఈ పద్ధతి వల్ల వెతికేవాడికి ఎంత మేలు కలిగిందో, వ్యాసాన్ని చదివి దానికి తగిన శీర్షికలు తగిలించే సూచికకర్త మీద అంత భారమూ పడింది.

కంప్యూటరు ఈ దశలో వచ్చింది. 1961లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి అప్పగించిన మెడ్‌లార్స్ పథకం లక్ష్యాల్లో మొట్టమొదటిది, ఇండెక్స్ మెడికస్ నెలసరి సంచికను అచ్చుకు సిద్ధం చేయడానికి పట్టే కాలాన్ని 22 పనిదినాల నుంచి 5 పనిదినాలకు తగ్గించడం. కోరినవారికి కోరిన విషయం మీద ప్రత్యేక జాబితాలు తీసి ఇవ్వడమనేది దాని తర్వాతి మాట. 1964 జనవరిలో హనీవెల్ 800 కంప్యూటరు మీద మెడ్‌లార్స్ పని ప్రారంభించింది. ఫోటాన్ కంపెనీ దానికోసమే తయారు చేసిన గ్రేస్ అనే ఫోటో కూర్పు యంత్రం, టేపు మీది వివరాలను సెకనుకు 300 అక్షరాల చొప్పున ఫిల్ము మీదికి ఎక్కించేది. ఆ విధంగా కూర్చిన తొలి ఇండెక్స్ మెడికస్ 1964 ఆగస్టు సంచిక. కంప్యూటరు చేతికిచ్చిన వివరాలతో అంత వేగంగా పేజీలు కూర్చే యంత్రం అప్పటికి మరొకటి లేదు. అందుకే ఈ పథకానికి గ్రంథాలయ చరిత్రలో ఎంత చోటుందో ముద్రణ చరిత్రలోనూ అంత చోటుంది.

అచ్చుకు, టేపుకు మధ్య కుదిరిన ఒక సర్దుబాటును ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి. సూచికకర్త ఒక్కో వ్యాసానికి ఎన్నో విషయశీర్షికలు ఇస్తాడు గానీ, అన్నిటి కిందా ఆ వ్యాసాన్ని అచ్చు వేస్తే పుస్తకం మోయలేనంత బరువవుతుంది. అందుకని వ్యాసానికి ముఖ్యమనిపించిన రెండు మూడు శీర్షికలకు నక్షత్రం గుర్తు పెట్టేవారు. నక్షత్రమున్న శీర్షికల కిందే వ్యాసం అచ్చయ్యేది, మిగతావి టేపు మీద మాత్రమే ఉండిపోయేవి. కూర్పు యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ అది, అంతకు మించి దానికి అర్థం లేదు. అయినా ఆ గుర్తు వల్ల అచ్చు పుస్తకంలో లేని లోతు టేపుకు వచ్చింది. పుస్తకంలో మూడు దారుల్లో మాత్రమే చేరుకోగల వ్యాసాన్ని టేపులో పది దారుల్లో చేరుకోవచ్చు. పబ్‌మెడ్‌లో నేటికీ కొన్ని శీర్షికల పక్కన నక్షత్రం కనిపిస్తుంది. అవి ఆ వ్యాసానికి ప్రధాన విషయాలని దానికి ఇప్పుడు అర్థం చెబుతున్నారు.

టేపులు చేతిలో ఉన్నాయి కాబట్టి వెతికిపెట్టమని అడగడమూ మొదలైంది. పరిశోధకుడు తన ప్రశ్నను కాగితం మీద రాసి పంపితే, శిక్షణ పొందిన గ్రంథాలయ ఉద్యోగి దాన్ని శీర్షికల భాషలోకి మార్చి, అలా పోగైన ప్రశ్నలన్నిటినీ ఒక దఫాగా కంప్యూటరుకు ఇచ్చేవాడు. టేపులో కావలసిన చోటికి నేరుగా పోవడం కుదరదు కనుక మొదటి నుంచి చివరి దాకా తిప్పవలసిందే. జవాబు టపాలో చేరేసరికి వారాలు పట్టేది. వచ్చిన జవాబు సరిగా లేకపోతే ప్రశ్న మార్చి మళ్లీ అన్ని వారాలూ ఆగాలి. ఈ సేవ ఎంత బాగా పనిచేస్తోందో ఎఫ్. డబ్ల్యూ. లాంకాస్టర్ 1960ల రెండో సగంలో దాదాపు 300 అసలైన ప్రశ్నలు తీసుకుని కొలిచాడు. టేపులో ఉన్న పనికొచ్చే వ్యాసాల్లో ఎన్ని బయటపడ్డాయన్నది ఒక కొలత, బయటపడ్డవాటిలో పనికొచ్చేవి ఎన్నన్నది రెండో కొలత. మొదటిది సగటున 57.7 శాతం, రెండోది 50.4 శాతం. ఉజ్జాయింపుగా చెప్పాలంటే పనికొచ్చే వ్యాసాల్లో సగానికి కొంచెం ఎక్కువే చేతికి వచ్చాయి, వచ్చినవాటిలో సగం అక్కర్లేనివి. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి బయటపడింది. గ్రంథాలయ ఉద్యోగితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడిన పరిశోధకుల కంటే, తమకు కావలసింది తమ మాటల్లోనే రాసి టపాలో పంపినవారికి మంచి ఫలితాలు వచ్చాయి. ఎదుట కూర్చున్నప్పుడు ఉద్యోగి ఆ ప్రశ్నను తనకు అలవాటైన శీర్షికల వైపు వంచేస్తున్నాడు. నిపుణుల మధ్యవర్తిత్వం ఎప్పుడూ మేలే చేస్తుందన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ.

వారాల నిరీక్షణను నిమిషాలకు తగ్గించింది కాలవిభజన పద్ధతి. ఒకే పెద్ద కంప్యూటరు తన సమయాన్ని చిన్నచిన్న ముక్కలుగా పంచి ఇస్తే, దూరంగా ఉన్న అనేకమంది అది తమ ఒక్కరిదే అన్నంత ధీమాగా వాడుకోగలరు. ఈ పద్ధతిని వాడి, కాలిఫోర్నియాలోని సిస్టమ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కంప్యూటరులో సుమారు వంద వైద్య పత్రికల సూచికను ఉంచి, అప్పటికే దేశమంతా వ్యాపించి ఉన్న టెలిటైపు తంతుల మీద 1970లో ఎయిమ్-ట్విక్స్ అనే ప్రయోగాత్మక సేవను నడిపారు. అది ఊహించిన దానికన్నా బాగా నడవడంతో 1971 అక్టోబరులో మెడ్‌లైన్ ప్రారంభమైంది. ఆన్‌లైన్ అన్న మాటను మెడ్‌లార్స్ పేరుతో కలిపి చేసిన పేరు అది. దాన్ని నడిపిన సాఫ్ట్‌వేరుకు, జాతీయ వైద్య గ్రంథాలయ చట్టం కోసం పాటుపడిన సెనేటర్ లిస్టర్ హిల్ పేరు మీద ఎల్‌హిల్ అని పేరు పెట్టారు.

దాదాపు ఆ సంవత్సరాల్లోనే వ్యాపార రంగంలో డయలాగ్ తయారైంది. విమానాలు, క్షిపణులు తయారు చేసే లాక్‌హీడ్ కంపెనీలో రోజర్ సమ్మిట్ అనే ఉద్యోగి, సంస్థలో జరిగిన పరిశోధన గురించి సంస్థకే తెలియడం లేదన్న బాధతో 1960ల మధ్యలో మొదలుపెట్టిన పని అది. అంతరిక్ష సంస్థ నాసా కోసం ఒక రూపం తీసుకుని, 1972లో ఎవరైనా డబ్బు కట్టి వాడుకోగల సేవగా మారింది. డయలాగ్ సొంతంగా సూచికలేవీ తయారు చేయలేదు. విద్యారంగానికి ఎరిక్, ప్రభుత్వ నివేదికలకు ఎన్‌టీఐఎస్, రసాయన శాస్త్రానికి 1907 నుంచి అచ్చులో వస్తున్న కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వంటి సంస్థల టేపులను తెచ్చి ఒకే గొడుగు కింద అద్దెకిచ్చింది. 1988లో లాక్‌హీడ్ దీన్ని నైట్-రిడర్ అనే పత్రికల సంస్థకు 35.3 కోట్ల డాలర్లకు అమ్మింది. సూచికను కొనేవారు లేక బిల్లింగ్స్ పత్రిక మూతపడిన సంగతి గుర్తున్నవారికి ఈ అంకె వింతగా తోస్తుంది.

ఆ కాలపు శోధన ఒక ప్రత్యేక వృత్తిగా ఉండేది. ప్రతి నిమిషానికీ టెలిఫోను ఖర్చు, కంప్యూటరు అద్దె కలిసి గంటకు పదుల డాలర్లు అయ్యేది కనుక, పరిశోధకుడిని స్వయంగా మీటల ముందు కూర్చోనిచ్చేవారు కాదు. శోధకుడనే గ్రంథాలయ ఉద్యోగి ముందుగా ప్రశ్నను కాగితం మీద మూడు నాలుగు నిలువు వరుసలుగా విడదీసుకునేవాడు. ఒక వరుసలో మలేరియా, దాని పర్యాయపదాలు. రెండో వరుసలో దోమలు, అనోఫిలిస్. మూడో దానిలో ఇండియా, అందులోని ప్రాంతాల పేర్లు. ఒక వరుసలోని మాటలను 'లేదా' అనే సంబంధంతో, వరుసలను ఒకదానితో ఒకటి 'మరియు' అనే సంబంధంతో కలుపుతారు; జార్జ్ బూల్ అనే గణితవేత్త తర్కం మీద ఆధారపడిన ఈ కూర్పును బూలియన్ శోధన అంటారు. టెలిఫోను రిసీవరును రెండు రబ్బరు గిన్నెల్లో బోర్లించి లైను కలిపాక, డయలాగ్‌లో బిగిన్ అన్న ఆజ్ఞతో డేటాబేసును ఎంచుకోవడం, ఎక్స్‌పాండ్ అంటే ఆ మాటకు అటూ ఇటూ ఉన్న మాటలు ఎన్నెన్ని వ్యాసాల్లో ఉన్నాయో చూడటం, సెలెక్ట్ అంటే ఆ వ్యాసాలను ఒక సెట్‌గా చేసి అంకె వేయించడం, చివరికి టైప్ అని రాస్తే వేడికి నల్లబడే కాగితం మీద సెకనుకు ముప్పై అక్షరాల చొప్పున ఫలితాలు రావడం జరిగేది. వందల వ్యాసాలున్న జాబితాను లైను మీద అచ్చు వేయించుకోవడం దుబారా కాబట్టి, దాన్ని కాలిఫోర్నియాలోని డయలాగ్ కేంద్రంలోనే అచ్చు వేసి టపాలో పంపమని ఆజ్ఞ ఇచ్చి వెంటనే లైను తెంచేసేవారు. తీరిగ్గా చదువుతూ, దారి తప్పుతూ, అనుకోనిది చూసి ఆగే అవకాశాన్ని ఈ అద్దె లెక్క ఇవ్వలేదు. నేటి పరిశోధకుడికి ఉన్న అతి పెద్ద సౌఖ్యం బహుశా వేగం కన్నా ఈ ఆగే అవకాశమే.

విషయశీర్షికలతో పనిలేని మరో దారిని యూజీన్ గార్‌ఫీల్డ్ వేశాడు. ఆయన ఈ రంగంలోకి వచ్చిందీ వైద్య సూచిక గుమ్మంలోంచే. 1950ల మొదట్లో సైనిక వైద్య గ్రంథాలయం డబ్బుతో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నడిచిన సూచికల పథకంలో ఆయన ఉద్యోగి. ఒక కోర్టు తీర్పును తర్వాతి తీర్పుల్లో ఎక్కడెక్కడ ఉదహరించారో న్యాయవాదులకు చెప్పే షెపర్డ్స్ సైటేషన్స్ అనే సంపుటాలు అమెరికాలో 1873 నుంచీ ఉన్నాయి. అదే పద్ధతిని శాస్త్ర వ్యాసాలకు వర్తింపజేయవచ్చని గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించాడు. ఒక వ్యాసం చివర ఇచ్చే ఆధారాల పట్టికలను తిరగదిప్పితే, పాత వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు వాడుకున్నారో తెలుస్తుంది. ఇందుకు శీర్షికలు తగిలించే నిపుణుడితో అవసరం లేదు. ఫిలడెల్ఫియాలో ఆయన స్థాపించిన సంస్థ 1961 సంవత్సరపు 613 పత్రికల నుంచి 14 లక్షల ఉల్లేఖనాలను ఏరి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తొలి సంపుటాలు వెలువరించింది. వెతకడానికి చేసిన ఈ పనిముట్టు క్రమంగా కొలిచే పనిముట్టుగా మారిపోయి, అధ్యాపకుల పదోన్నతులనూ పత్రికల పరపతినీ నిర్ణయించే స్థితికి చేరింది. ఎక్కువసార్లు ఉల్లేఖితమైన వ్యాసాల జాబితాల్లో గార్‌ఫీల్డ్ పదేపదే ప్రస్తావించిన పాత వ్యాసాల్లో ఒకటి, శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతి మీద సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి 1925లో రాసినది. హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కని సుబ్బారావు పేరు, ఆ పద్ధతి వాడిన ప్రతి ప్రయోగశాల వ్యాసం అడుగునా ఫిస్కే పేరు పక్కన నిలిచింది.

ఆ పేరు అచ్చయిన తీరు సూచికల మరో అలవాటును చూపిస్తుంది. కార్డు మీద స్థలం కలిసి రావడానికి రచయిత చివరి పేరు పూర్తిగా రాసి, మిగతాది పొడి అక్షరాలతో సరిపెట్టడం అచ్చు సూచిక నియమం. టేపులు దాన్నే తీసుకున్నాయి. 2002లో గానీ వైద్య డేటాబేసులో పూర్తి పేర్లు నమోదు కాలేదు. ఇంటిపేరు చివర వచ్చే పాశ్చాత్యులకు ఇది అమరింది. ఇంటిపేరు ముందు, అదీ తరచు ఒక్క పొడి అక్షరంగా రాసుకునే తెలుగువారికి ఇది పెద్ద తికమక. ఇంటిపేరు 'క'తో మొదలయ్యే వ్యక్తి సుబ్బారావు అని కలిపి రాస్తే సూచికలో 'సుబ్బారావు కె' అవుతాడు. అదే మనిషి మరో వ్యాసంలో సుబ్బా, రావు అని విడదీసి రాస్తే 'రావు కె.ఎస్.' అయిపోతాడు. అసలు ఇంటిపేరు ఎక్కడా నమోదు కాదు. దీని ఫలితంగా రావులూ రెడ్లూ ఒకరి వ్యాసాలు ఒకరి ఖాతాలోకి చేరేంతగా కలిసిపోయారు. పరిశోధకుడికి ఒక శాశ్వత సంఖ్య ఇచ్చే ఆర్కిడ్ పద్ధతి 2012లో వచ్చాక ఈ చిక్కు కొంత సడలింది. అలాగే ఆంగ్లేతర భాషల వ్యాసాల పేర్లను ఇంగ్లీషులోకి మార్చి చదరపు కుండలీకరణాల్లో పెట్టడమూ అచ్చు సూచిక నుంచి వచ్చిన ఆచారమే.

వీటన్నిటి కన్నా బరువైన వారసత్వం కాలానికి సంబంధించినది. నిలకడగా వాడుకోదగిన టేపులు ఎప్పటి నుంచి ఉన్నాయో మెడ్‌లైన్ అప్పటి నుంచే మొదలైంది. చాలాకాలం దాని తొలి సంవత్సరం 1966. అంతకు ముందటి సాహిత్యం అల్మారాల్లోని సంపుటాల్లో భద్రంగానే ఉన్నా, తెర మీద వెతికే తరానికి అది లేనట్టే. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని, ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. అప్పటికి ఇండెక్స్ మెడికస్ నెలనెలా వస్తూనే ఉంది. అయినా ఆ పత్రిక పాత సంపుటాలను 2000ల దశకంలో స్కాన్ చేసి ఎక్కించేదాకా, మలేరియా చరిత్రలోనే ముఖ్యమైన ఆ వ్యాసం పబ్‌మెడ్‌లో దొరకలేదు. చరిత్రకారుడికి ఇది అసౌకర్యం మాత్రమే. వైద్యంలో ప్రాణాల మీదికి రావచ్చు. 2001 జూన్‌లో జాన్స్ హాప్కిన్స్‌లో ఉబ్బసం మీద జరిగిన ప్రయోగంలో హెక్సామెథోనియం అనే మందును పీల్చిన ఆరోగ్యవంతురాలైన ఒక స్వచ్ఛంద సేవకురాలు మరణించింది. ఆ మందుకూ ఊపిరితిత్తుల దెబ్బకూ సంబంధం ఉందన్న 1950ల నాటి వ్యాసాలు పరిశోధకుల శోధనలో బయటపడలేదనీ, ఆ శోధన ప్రధానంగా 1966 తర్వాతి కాలానికి పరిమితమైందనీ ఆ తర్వాత తేలింది. గ్రంథాలయ ఉద్యోగుల బోధనలో ఈ ఘటన నేటికీ ఉదాహరణగా వస్తుంటుంది.

భారతదేశంలో ఈ సేవల చరిత్ర 1952లో యునెస్కో సాయంతో ఢిల్లీలో ఏర్పడిన ఇన్స్‌డాక్ నుంచి మొదలవుతుంది. విదేశీ పత్రికలు కొనే స్తోమత లేని ప్రయోగశాలలకు వ్యాసాల నకళ్లు, అనువాదాలు తెప్పించి ఇవ్వడం దాని తొలి పని. 1965 నుంచి ఇండియన్ సైన్స్ అబ్‌స్ట్రాక్ట్స్ అనే సారాంశాల పత్రికనూ నడిపింది. విదేశీ కంప్యూటరుకు లైను కలపడం గగనమైన రోజుల్లో ఇక్కడ నడిచిన పద్ధతి వేరు. టేపులనే తెప్పించుకుని, ఒక్కో శాస్త్రవేత్త ఆసక్తిని కొన్ని మాటలుగా నమోదు చేసి, కొత్త టేపు వచ్చినప్పుడల్లా దానితో సరిపోల్చి అతనికి కావలసిన వ్యాసాల జాబితాను మాత్రమే తీసి పంపేవారు. దీన్ని ఎంపిక చేసిన సమాచార వితరణ అనేవారు. 1970ల మధ్యలో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ టేపులను ఐఐటీ మద్రాసులోని ఐబీఎం 370 కంప్యూటరు మీద నడిపి ఇన్స్‌డాక్ ఈ సేవ అందించింది. ఆ దశాబ్దపు రెండో సగంలోనే హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో, కెనడా అభివృద్ధి పరిశోధన కేంద్రం సాయంతో జొన్న, చిరుధాన్యాల సమాచార కేంద్రం వెలిసింది. సూచికల ప్రపంచంలో గోధుమకూ మొక్కజొన్నకూ ఉన్న చోటు జొన్నకు లేదన్న గ్రహింపుతో అది ప్రపంచం నలుమూలల నుంచి జొన్న మీది సాహిత్యాన్ని పోగుచేసి గ్రంథసూచులు ప్రచురించింది. ఆఫ్రికా, భారతదేశాల మెట్ట రైతు తినే పంటకు సంబంధించిన జ్ఞానం పటాన్‌చెరు అల్మారాల్లో ఒకచోట చేరడం ఈ చరిత్రలో తగినంత గుర్తింపు పొందని ఘట్టం. వైద్యంలో 1986లో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ సమాచార కేంద్రం కలిసి ఢిల్లీలో మెడ్‌లార్స్ కేంద్రాన్ని నెలకొల్పాయి. భారతీయ వైద్య పత్రికల్లో అధికభాగానికి మెడ్‌లైన్‌లో చోటు లేదు కాబట్టి, వాటికోసం ఇండ్‌మెడ్ అనే వేరే డేటాబేసును ఆ కేంద్రమే తయారు చేసింది.

1980ల నడుమ నుంచి సీడీ-రామ్‌లు వచ్చి గంటల అద్దె బాధ తప్పించాయి. ఏడాది చందా కట్టి తెచ్చుకున్న పళ్లేన్ని ఎంతసేపు తిప్పినా అదనపు ఖర్చు లేదు. టెలిఫోను లైన్ల మీద ఆధారపడలేని మన విశ్వవిద్యాలయాలకు ఇది బాగా కుదిరింది. ఆ ఏర్పాటు ఎంతోకాలం నిలవలేదు. మెడ్‌లైన్‌ను వెబ్‌లో వెతకడానికి 1996లో ప్రయోగాత్మకంగా తెరిచిన పబ్‌మెడ్‌ను 1997 జూన్ 26న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ చేతుల మీదుగా ప్రపంచమంతటికీ ఉచితం చేశారు. నిపుణుడైన శోధకుడు మధ్యలోంచి తప్పుకున్నాడు. రోగులూ, వారి బంధువులూ, కలకత్తాలోని విద్యార్థీ, కర్నూలులోని వైద్యుడూ ఒకే తెర ముందు కూర్చున్నారు. ఏ పుస్తకాన్ని త్వరగా అచ్చు వేయడానికి కంప్యూటరును తెచ్చారో ఆ ఇండెక్స్ మెడికస్ అచ్చు ప్రతి 2004 డిసెంబరు సంచికతో ఆగిపోయింది. శీర్షికలు తగిలించే పనిని సైతం 2022 నుంచి ప్రధానంగా కంప్యూటరు ప్రోగ్రాములే చేస్తున్నాయి; మనుషులు వాటిలో కొన్నిటిని సరిచూస్తున్నారు.

సూచిక ఉచితమైంది గానీ అది చూపించే వ్యాసం ఉచితం కాలేదు. ఫలానా వ్యాసం ఉందని పబ్‌మెడ్ చెబుతుంది. తెరవబోతే ప్రచురణకర్త రుసుము అడుగుతాడు. పాతకాలపు చందా బాధ ఈసారి వ్యక్తుల మీద నుంచి సంస్థల మీదికి మారింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1991లో ఆరంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్, 1996లో స్వతంత్ర కేంద్రమై, 2003 డిసెంబరులో ప్రారంభమైన యూజీసీ-ఇన్ఫోనెట్ పథకం ద్వారా అనేక విశ్వవిద్యాలయాల తరఫున ఒక్కటిగా బేరమాడి పత్రికలు తెప్పించసాగింది. 2015లో ఇలాంటి మూడు పథకాలు కలిసి ఈ-శోధ్‌సింధు అయ్యాయి. ఇవన్నీ బయటి వ్యాసాలను లోపలికి తెచ్చేవైతే, శోధ్‌గంగ లోపలి పరిశోధనను బయటపెట్టింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలన్న 2009 నాటి యూజీసీ నిబంధన పునాదిగా తయారైన ఈ భాండాగారంలో భారతీయ భాషల గ్రంథాలకూ చోటుంది. అంతకు ముందు ఆయా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి స్వయంగా వెళ్తే తప్ప చూడలేని తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాలను ఇప్పుడు ఎక్కడి నుంచైనా తెరవవచ్చు.

రుసుము గోడలను దాటడానికి 2011లో అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ మొదలుపెట్టిన సై-హబ్‌ను మన పరిశోధకులు విరివిగా వాడుకున్నారు. దాని మీద మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ఒకే దేశం-ఒకే చందా పథకం ఈ నేపథ్యంలో వచ్చిందే. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకు 2025 జనవరి 1 నుంచి అందుబాటులోకి తెచ్చారు. చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ, కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ ఒకే అల్మారా దక్కడం ఇంతకు ముందెన్నడూ లేదు. అయితే తొలి దశ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సంస్థలకే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంజనీరింగు చదివేవారిలో ఎక్కువ మందికి చోటిచ్చిన ప్రైవేటు కళాశాలలు దాని వెలుపలే ఉన్నాయి. వాటి గ్రంథాలయాలు ఏ ఏటికా ఏడు ఎవరి చందా వారే కట్టుకుంటున్నాయి.